లోపలికి పోయిన ముఖం

ఎపఫ్రా తన బతుకులో నలుగురు చక్రవర్తులను చూశాడు. నలుగురినీ బొటనవేలి గోరంత సైజులోనే చూశాడు.

మొదటాయనకు మెడ లావు. రెండో ఆయనకు చిక్కటి గడ్డం. ఆ గడ్డం గీతల్లో వెండి ఇరుక్కుని అచ్చు తొందరగా పాడయ్యేది, అందుకని ఆయన పోయాడని తెలిసినప్పుడు నాణేలు కొట్టే టంకశాలలో ఎవరూ పెద్దగా ఏడవలేదు. మూడో ఆయన పన్నెండేళ్లు ఉన్నాడు. మామూలు మనిషికి ఏడాదికో ఏడాది వయసు పెరిగితే ఆయనకు మాత్రం ప్రతి కొత్త అచ్చులోనూ తగ్గుతూ వచ్చింది. చివరికి ఇరవై ఏళ్ల కుర్రాడి బుగ్గలతో ఉండగా ఆయన్ని పడకగదిలోనే పొడిచేశారు. మర్నాడు పొద్దున్నే ఆ అచ్చులన్నీ సమ్మెటతో చితక్కొట్టమన్నారు. కొట్టినవాళ్లలో ఎపఫ్రా కూడా ఉన్నాడు. అప్పటిదాకా ఆ ముఖం మీద ఉమ్మి తుంపర పడితేనే కొరడా దెబ్బలుండేవి.

నాలుగో ఆయన ముసలివాడు. ముక్కు పొడుగు, బుగ్గలు పీక్కుపోయి ఉంటాయి. నాణేనికి ఒకవైపు ఆయన తల, రెండోవైపు నిలబడి ఉన్న స్త్రీ. ఆమె ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఉన్ని టోపీ. ఆమె స్వేచ్ఛాదేవి. బానిసను విడుదల చేసినప్పుడు గుండు గీసి తలకు పెట్టే టోపీ అది. దుర్మార్గుడు పోయాడు, రోము ప్రజలకు మళ్లీ స్వేచ్ఛ వచ్చింది అని ఊరూరా చాటడానికి ఆ బొమ్మ వేయించారు. దాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెండి మీద కొట్టేవాళ్లంతా చక్రవర్తిగారి బానిసలు. ఈ సంగతి పైవాళ్లెవరికీ తట్టలేదు. తట్టినా నవ్వుకుని ఊరుకుని ఉంటారు.

ఎపఫ్రాది రోముకు తూర్పున, సముద్రం అవతల ఉన్న బితూనియా. తొమ్మిదో ఏట వాళ్లమ్మతోపాటు అమ్ముడుపోయాడు, పదో ఏట వాళ్లమ్మ ఎటు పోయిందో తెలియకుండా పోయింది. పదహారో ఏట రోములో కేలియస్ కొండ దిగువన ఉన్న టంకశాలలో పడ్డాడు. ఇప్పుడు నలభై ఒకటి. చదువు రాదు గానీ అక్షరాలను గుర్తుపడతాడు, అదీ అచ్చులో ఉన్నట్టు తిరగేసి ఉంటేనే. వీధి గోడ మీద సరిగ్గా రాసినవి అతనికి పురుగులు పాకినట్టు కనిపిస్తాయి.

అతని పని బిళ్ల పెట్టడం. దాగలి అనే ఇనుప దిమ్మె మధ్యలో కింది అచ్చు దిగేసి ఉంటుంది, అందులో చక్రవర్తి తల. కుంపట్లో కాలిన వెండి బిళ్లను పట్టకారుతో తీసి దాని మీద పెట్టాలి. పెట్టి చెయ్యి వెనక్కి లాగేలోపు ఎదుటివాడు ఎడమచేత్తో పై అచ్చు ఆనించి కుడిచేత్తో సుత్తి దించుతాడు. నాణెం తీసెయ్యాలి, మళ్లీ పెట్టాలి. ఎదుటివాడి మీద నమ్మకం లేకపోతే ఆ పని ఒక్క పూట కూడా చెయ్యలేం. వేళ్లుండవు.

ఆ ఎదుటివాడు పద్దెనిమిదేళ్లుగా దామా. సిరియావాడు, ఎపఫ్రా కంటే ఆరేళ్లు పెద్ద, పొట్టిగా, ఎద్దు మూపురంలాంటి భుజంతో ఉంటాడు. కలిసిన రెండో ఏడాదే ఒకసారి సుత్తి జారి ఎపఫ్రా చిటికెనవేలు నుజ్జయింది. దామా అధికారి దగ్గర తప్పు తనదేనని ఒప్పుకుని పది దెబ్బలు తిన్నాడు. నెల రోజులు ఎపఫ్రా గిన్నెలో గంజి తనే కలిపి పెట్టాడు. "తిన్రా తమ్ముడూ, వేలు పోతే పోయింది, నోరు పోలేదుగా" అనేవాడు. ఎపఫ్రా అప్పటి నుంచి అతన్ని అన్నా అనే పిలిచాడు. అమ్మ పోయాక అతను వరసపెట్టి పిలిచిన మొదటి మనిషి దామానే.

ఇక నెబ్రిస్ ఉంది. కొండ కింద ఉన్ని బట్టలు తొక్కి ఉతికే దుకాణంలో పని. ఆమెకు విడుదలై ఏడేళ్లయింది. సంతరోజున, అంటే ఎనిమిది రోజులకోసారి, టంకశాల గేటు దగ్గరికి వచ్చేది. శనగలు, ఆలివ్ కాయలు మూటగట్టి తెచ్చేది. గేటువాడికి కాస్త పెట్టి, మిగతాది ఇనుప చువ్వల మధ్య నుంచి ఇచ్చి, కాసేపు మాట్లాడి పోయేది. పదకొండేళ్లుగా వాళ్లిద్దరి కాపురం అదే. బానిసకు పెళ్లి లేదు కాబట్టి దానికి వేరే పేరు లేదు. ఆమెకు ముప్పై ఆరు నిండాయి. ఇంకో రెండు మూడేళ్లు గడిస్తే పిల్లల మాట మర్చిపోవాల్సిందే. ఆ మాట ఆమె ఎప్పుడూ పైకి అనలేదు గానీ నాలుగో అంతస్తులో సగం గది అద్దెకు తీసుకుని, అందులో రెండో మంచానికి చోటు వదిలిపెట్టి ఉంచింది.

కొత్త చక్రవర్తి వచ్చాక టంకశాలకు ఒక కబురొచ్చింది. నాణెం మీది దేవత గౌరవార్థం, ప్రతి హాలు నుంచీ ఒక జంటను విడుదల చేస్తారు. మూడు నెలల్లో ఎవరి దాగలి మీద చెడిపోయిన నాణేలు అందరికంటే తక్కువగా ఉంటే ఆ జంటను. జంటగానే లెక్క, ఇద్దరికీ కలిపే.

రెండున్నర నెలలు గడిచేసరికి హాలులో ఉన్న పదకొండు దాగళ్లలోనూ ఎపఫ్రా, దామాలదే ముందు. మిగతావాళ్లు వాళ్లను చూసి, టోపీలు కుట్టించుకున్నారా, గుండు సైజు ఇచ్చి వచ్చారా అని వెక్కిరించేవాళ్లు. దామా తన బట్టతల నిమురుకుని, నాకు సగం విడుదల దేవుడే ఇచ్చాడు అనేవాడు. ఎపఫ్రా నవ్వేవాడు కాదు. నవ్వితే ఎక్కడ చెడిపోతుందోనని భయం.

చెడిపోయింది కూడా నవ్వినప్పుడు కాదు, తొందరలో. సైన్యానికి కొత్త చక్రవర్తి ఇస్తానన్న కానుక నెలాఖరుకి వెళ్లాలి. గోడ దగ్గర బిళ్లల బుట్టలు పేరుకుపోయాయి. అసలు పద్ధతి ప్రకారం, ప్రతి దెబ్బ తర్వాతా సుత్తివాడు పై అచ్చు ఎత్తి వెలుతురుకి తిప్పాలి, బిళ్ల పెట్టేవాడు దాని ముఖం చూసి "ఖాళీ" అనాలి. అప్పుడే రెండో బిళ్ల. ఒక్కోసారి కొట్టిన నాణెం కింద పడకుండా పై అచ్చుకే అతుక్కుని ఉండిపోతుంది కాబట్టి ఆ ఏర్పాటు. కొత్తవాళ్లు రోజంతా ఖాళీ, ఖాళీ అని అరుస్తూనే ఉంటారు. పద్దెనిమిదేళ్లు కలిసి పనిచేసినవాళ్లకు ఆ అరుపు చిన్నతనంగా ఉంటుంది. చప్పుడును బట్టే తెలుస్తుంది కదా అని వాళ్లిద్దరూ ఎప్పుడో మానేశారు.

ఆ మధ్యాహ్నం ఎపఫ్రా పట్టకారు చాచేసరికి కింది అచ్చు మీద నాణెం లేదు. ఎగిరి కింద పడిందనుకున్నాడు, తరచూ పడుతూనే ఉంటాయి. కొత్త బిళ్ల పెట్టాడు. సుత్తి దిగింది. చప్పుడు మెత్తగా వచ్చింది.

ఇద్దరూ ఆగిపోయారు.

దామా పై అచ్చు ఎత్తాడు. అంచులు సాగిపోయిన పాత నాణెం దాని నుంచి ఊడి పడింది. కింద కొత్తది ఉంది. ఎపఫ్రా దాన్ని తీసి చూశాడు. పైవైపు దేవత లేదు, టోపీ లేదు. ఒకవైపు చక్రవర్తి తల మామూలుగా ఉంది. తిరగేస్తే అదే తల, అటు తిరిగి, లోపలికి గుంటపడి ఉంది. ముక్కు గుంట, కన్ను గుంట, పీక్కుపోయిన బుగ్గ కాస్తా ఉబ్బెత్తుగా. బంకమట్టిలో మనిషి ముఖం అదిమి తీసినట్టు.

మామూలు రోజుల్లో అయితే అది చెడిపోయిన ఒక నాణెం. చెడ్డబుట్టలో వేస్తే సాయంత్రం లెక్క చూసి కరిగించేస్తారు. కానీ ముందాయన్ని పొడిచి మూడు నెలలు కూడా కాలేదు. ఊళ్లో రాతి పలకల మీద ఆయన పేరు చెరిపేస్తున్న ఉలి చప్పుడు ఇంకా ఆగలేదు. ముఖం లోపలికి పోయిన చక్రవర్తిని ఎవరైనా పట్టుకుని ఇది అపశకునం అంటే, అది చేసిన చేతుల గతి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

ఎపఫ్రా చెడ్డబుట్టలో వేసేద్దామన్నాడు. ఒక్కటి ఎక్కువైనా ఇంకా మనమే ముందుంటాం, దాస్తేనే తప్పవుతుంది అని గొణిగాడు. దామా చెయ్యి చాచాడు.

"ఇటివ్వు. బుట్టలో వేస్తే పదిమంది చూస్తారు. సాయంత్రం కొలిమి దగ్గర నేను వెండి కరిగే మూసలో పడేస్తా. నువ్వు చూళ్లేదు, నేనూ చూళ్లేదు."

ఎపఫ్రా ఇచ్చేశాడు. దామా దాన్ని సుత్తి పిడికి చుట్టిన తోలుపట్టీ కింద దోపాడు. మర్నాడు పొద్దున ఎపఫ్రా కళ్లతోనే అడిగాడు. కరిగిపోయిందిలే అన్నాడు దామా.

రెండు రోజుల తర్వాత హాలు అధికారి వితాలి ఎపఫ్రాను బొగ్గుల కొట్టు వెనక్కి పిలిచాడు. వితాలి ఒకప్పుడు ఇదే హాలులో పట్టకారు పట్టినవాడే. విడుదలై అధికారి అయ్యాడు. కుడి బొటనవేలికి కొస లేదు. అందరితోనూ మెత్తగా మాట్లాడతాడు, అందుకే అందరికీ భయం.

వితాలి తాపీగా చెప్పుకొచ్చాడు. జంట అన్న మాట నిజమేగానీ, టంకశాల పెద్దగారి భార్యకు తన వంటవాణ్ణి ఈ జాబితాలో చేర్చాలని ఉంది. ఆవిడ మాట కాదనేవాళ్లు లేరు. అంచేత ఈ దాగలి నుంచి ఒక్కరే. ఇద్దరిలో ఎవరన్నది తను తేల్చాలి. ఇద్దరూ మంచివాళ్లే, అదే చిక్కు.

"నీ జతగాడి మీద చిన్నదేదైనా ఉంటే పట్టుకురా. పెద్దదక్కర్లేదు. నాకు పని సులువవుతుంది, నీకూ మంచిది. బయట ఒకావిడ కాచుకుని ఉంటుందని విన్నా."

ఎపఫ్రా తల వంచుకుని నిలబడ్డాడు. పైవాడి ఎదుట కాదు అనే అలవాటు ఆ గోడల మధ్య ఎవరికీ లేదు. వితాలి అతని భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజు దాగలి దగ్గరికి తిరిగొచ్చి ఎపఫ్రా నోరు తెరవబోయాడు. దామా అప్పుడే ఎవరితోనో, బయటికెళ్లాక తనూ తమ్ముడూ కలిసి ఓస్తియా రేవులో తాళాల దుకాణం పెడతామని చెబుతున్నాడు. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాడు. ఒక్కరే అని తెలిస్తే అన్న గుండె పగిలిపోతుంది, తెలియనంత కాలం సంతోషంగా ఉండనీ అనుకున్నాడు. తను ఏమీ పట్టుకెళ్లడు. తను పట్టుకెళ్లకపోతే వితాలి దగ్గర ఏమీ ఉండదు. ఏమీ లేకపోతే చివరికి ఇద్దరినీ వదులుతాడేమో. ఇలా తనకు తనే లెక్క వేసుకుని, పన్నెండు రోజులు ఏమీ జరగనట్టే బిళ్లలు పెట్టాడు. ఆ పన్నెండు రోజులూ దామా కూడా పెద్దగా మాట్లాడలేదు. సైన్యం పని ఒత్తిడి అనుకున్నాడు ఎపఫ్రా. సంతరోజున నెబ్రిస్ వస్తే, పై వారం గేటు దగ్గర ఉతికిన అంగీ ఒకటి పట్టుకుని ఉండమన్నాడు. అంత నమ్మకం అతనికి.

పదమూడో రోజు పొద్దున హాలంతటినీ వరసలో నిలబెట్టారు. వితాలి అరచేతిలో ఆ నాణెం ఉంది.

ఎపఫ్రా దాన్ని ఎంత దూరం నుంచైనా పోల్చగలడు. ముందు అతనికి కలిగింది భయం కాదు, అనుమానం. మూసలో కరిగిపోయిన నాణెం మళ్లీ ఎలా వచ్చింది? తర్వాత పక్కన నిలబడిన దామా వైపు తిరిగాడు. దామా నేరుగా ముందుకు చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది. అర్థమైన తర్వాత కూడా ఇంకొక దారి ఏదైనా ఉందేమోనని ఎపఫ్రా బుర్ర వెతుకుతూనే ఉంది. సోదాలో దొరికిందేమో. ఎవరో దొంగిలించారేమో.

చక్రవర్తి చెవి కింద సన్నటి పగులు గీత ఉందనీ, అది ఫలానా దాగలి అచ్చేననీ వితాలి మెత్తగా చెప్పాడు. అచ్చు ముఖం చూసి ఖాళీ అనాల్సింది ఎవరని అడిగాడు. సమాధానం హాలులో అందరికీ తెలుసు, అయినా అతను దామానే అడిగాడు.

"బిళ్ల పెట్టేది అతనయ్యా" అన్నాడు దామా. "చూడాల్సింది అతనే. నేను చూసి, తప్పు కప్పిపెట్టడం ఇష్టం లేక తెచ్చి ఇచ్చాను."

అతను. పద్దెనిమిదేళ్లలో దామా అతన్ని అలా అనడం అదే మొదటిసారి.

ఎపఫ్రా ఏం చెప్పగలడు? నాణెం అతనికి ఇచ్చింది నేనే అంటే, దాచడంలో తనకూ చెయ్యి ఉందని ఒప్పుకున్నట్టు. అప్పుడు ఇద్దరి తోలూ ఒలుస్తారు. అనేయాలని అతనికి ఎంతగానో అనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ దామా మెడ కింద పాత కొరడా మచ్చ కనిపించింది, ఎందుకో మాట లోపలే ఉండిపోయింది. ఆ తర్వాత ఆ మౌనానికి అతను తనను తాను క్షమించుకున్నాడో లేదో నాకు తెలియదు.

శకునం సంగతి వితాలి ఎత్తనేలేదు. అది పైకి పోతే తన మెడకూ చుట్టుకుంటుంది. ఎపఫ్రాకు ఇరవై దెబ్బలు కొట్టించాడు, విడుదల జాబితా నుంచి పదేళ్ల దాకా పేరు తీసేశాడు, గేటు దగ్గరికి వెళ్లకూడదన్నాడు, దాగలి నుంచి తీసి కొలిమి తిత్తుల దగ్గర వేశాడు. పదేళ్లు అన్నప్పుడు ఎపఫ్రా తన వయసు గురించి ఆలోచించలేదు. ముప్పై ఆరుకి పది కలిపాడు.

విడుదలకు ముందురోజు మధ్యాహ్నం దామా నీళ్ల తొట్టి దగ్గరికి వచ్చాడు. ఎపఫ్రా వీపు తడిగుడ్డతో అద్దుకుంటున్నాడు. దామా ఆ గుడ్డ అందుకోబోయి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కరిగిపోయిందన్నావు" అన్నాడు ఎపఫ్రా.

"నువ్వు నిద్రపోవాలని అన్నాను. ఆ రోజు కొలిమి దగ్గర మనుషులున్నారు. మర్నాడు వేద్దామనుకున్నా. అప్పుడూ వీలుపడలేదు. ఈలోపు వితాలి పిలిచాడు."

"నిన్నూ పిలిచాడా?"

"నిన్ను ముందు పిలిచాడు. ఆ సంగతీ ఆయనే చెప్పాడు. మీవాణ్ణి అడిగాను, కాదనలేదు అన్నాడు." దామా గొంతు పెరగలేదు. "పన్నెండు రోజులు నీ మొహం చూశాన్రా. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని. నా సుత్తి పిడిలో ఉంది ఆ పాడు బిళ్ల. నువ్వు వితాలితో ఒక్క మాట అంటే నేను ఉండను. నువ్వేమో కిమ్మనకుండా బిళ్లలు పెడుతున్నావ్."

"నువ్వు బాధపడతావని చెప్పలేదు."

దామా దగ్గరికి జరిగాడు.

"అంతేనా?"

"అంతే."

"మరి నన్ను అలా చావగొట్టావేంరా, చెప్పకుండా."

ఎపఫ్రాకు ఒళ్లు మండింది. దెబ్బలు తిన్నది తను, జాబితా నుంచి పోయింది తను, ఇప్పుడు తప్పు కూడా తన వాటాకే వస్తోంది. "నువ్వు అనుకున్నావు గానీ నన్ను అడగలేదు. అడగాల్సింది" అన్నాడు. బయటికెళ్లాక సంపాదించి నిన్ను కొనుక్కుంటాను, తాళాల దుకాణంలో నీ చోటు అలాగే ఉంచుతాను అని దామా గొణగడం మొదలుపెట్టాడు. ఎపఫ్రా ఆపమన్నాడు. అదేమీ వద్దన్నాడు. ఒక్కటే అడిగాడు.

"రేపు గేటు బయట నెబ్రిస్ ఉంటుంది. తనకేం తెలీదు. నన్ను గేటు దాకా రానివ్వరు. నేనొస్తానని చూస్తూ ఉంటుంది. నువ్వే చెప్పు. ఇలా జరిగింది, వాడు రాడు, ఇంక కాచుకోవద్దు అని చెప్పు. నీ సంగతి చెప్పకపోయినా సరే. వాడు రాడని మాత్రం చెప్పు."

"చెప్తాను."

"ఎదురుగా నిలబడి చెప్పు."

"చెప్తానన్నాగా తమ్ముడూ."

మర్నాడు ఆవరణలో మెజిస్ట్రేటు మనిషి వచ్చి దామాను, పెద్దగారింటి వంటవాణ్ణి, పక్క హాలు జంటను వరసగా కర్రతో తాకి, విడుదల మాటలు చదివాడు. గీసిన గుండ్ల మీద టోపీలు పెట్టారు. దామాకు పెట్టింది కాస్త పెద్దది, చెవుల మీదికి దిగింది. హాలులో వాళ్లు చప్పట్లు కొట్టారు. కొలిమి గది గుమ్మంలో నుంచి చూస్తే ఆవరణా, దాని అవతల తెరిచి ఉన్న గేటూ, గేటు బయట రోడ్డూ కనిపిస్తాయి. ఎపఫ్రా తిత్తి వదిలి గుమ్మంలో నిలబడ్డాడు.

నెబ్రిస్ గేటుకి ఎదురుగా ఉంది. జుట్టు కొత్తగా దువ్వుకుని ముడి వేసుకుంది. చేతుల మీద మడతపెట్టిన తెల్లటి అంగీ ఉంది, మురికి అంటకుండా దాన్ని శరీరానికి దూరంగా పట్టుకుంది.

ముందు వంటవాడు బయటికి వెళ్లాడు. తర్వాత దామా. అతన్ని చూడగానే ఆమె ముఖం విచ్చుకుంది. అతను బయటికొచ్చాడంటే వెనకాలే ఎపఫ్రా కూడా వస్తున్నట్టే కదా. ఆమె రెండడుగులు ముందుకు వేసి, దామా భుజం మీదుగా లోపలికి చూసింది.

దామా గేటు దాటి ఆగాడు. ఒక్క క్షణం, నిజంగానే ఆగాడు. ఎపఫ్రా ఆ క్షణాన్ని చూశాడు. చెప్పు, అనుకున్నాడు. దామా టోపీని రెండు చేతులతోనూ నుదుటి మీదికి లాక్కుని, అప్పుడే వస్తున్న బొగ్గుల బండి చాటుకి జరిగి, దాని పక్కనే నడుస్తూ రోడ్డు అవతలికి దాటేశాడు. తల తిప్పలేదు. బండి ముందుకు పోయేసరికి అతను సందు మలుపు దాకా వెళ్లిపోయి ఉన్నాడు.

నెబ్రిస్ కాసేపు ఆ సందు వైపు చూసింది. పిలవబోయినట్టుంది, పిలవలేదు. మళ్లీ గేటు వైపు తిరిగింది.

మూస చల్లారిపోతోందని లోపల్నుంచి కేక వినిపించింది. ఎపఫ్రా వెళ్లి తిత్తి ఊదాడు. వెండి మళ్లీ ఎర్రబడేదాకా ఊది, వీపు మంట పుడుతుంటే లేచి గుమ్మంలోకి వచ్చాడు. గేటు ఒక రెక్క వేసేశారు. మిగిలిన సందులో నుంచి ఆమె కనిపిస్తోంది. రోడ్డు పక్క రాతి మీద కూర్చుని, అంగీని ఒళ్లో పెట్టుకుని, బయటికి వచ్చే ప్రతి మనిషినీ తలెత్తి చూస్తోంది.